లెక్క తెలిసిన చేతికే సాధనం బలం: కడోదరా చిన్న పరిశ్రమలు చెప్పే పాఠం

ముంబయి నుండి అహ్మదాబాదుకు సాగే జాతీయ రహదారి మీద, సూరత్ నగరానికి చేరువలో కడోదరా పట్టణం ఉన్నది. సూరత్ నుండి బార్డోలీకి వెళ్లే మార్గం రహదారిని ఇక్కడే దాటుతుంది. అందుచేత ఈ కూడలిని స్థానికులు ‘చార్ రస్తా’ అని పిలుస్తారు. పల్సాణా తాలూకాలోని ఈ నేల చెరకు పండే నేల. నేడు చెరకు తోటల పక్కనే అద్దకపు మిల్లుల పొగగొట్టాలు, మరమగ్గాల షెడ్లు, పారిశ్రామికవాడలోని గోదాములు కనిపిస్తాయి. కూడలిలో నిలబడి చెవి యొగ్గితే గుజరాతీ, హిందీ, ఒడియా, భోజ్‌పురీ, మరాఠీ మాటలు ఒకదానితో ఒకటి కలిసి వినిపిస్తాయి.

ఇన్ని భాషలవారిని ఒకచోట చేర్చినది వస్త్ర పరిశ్రమ. పెద్ద మిల్లుల పేర్లు పైకి కనిపించినా, ఈ పరిశ్రమను మోస్తున్నవి వేలాది చిన్న యూనిట్లు. పది మగ్గాలు గలవాడు, రెండు ఎంబ్రాయిడరీ యంత్రాలు గలవాడు, చీరల అంచులకు లేసు కుట్టించేవాడు, మడతపెట్టి కట్టలు కట్టించేవాడు, వీరి వద్ద పనిచేసేవారికి అన్నం పెట్టే మెస్సు యజమాని, కూడలిలోని టీ అంగడివాడు అందరూ చిన్న వ్యాపారులే. గత పది సంవత్సరాలలో వీరి చేతికి ఒక కొత్త సాధనం వచ్చింది. సెల్‌ఫోన్ ద్వారా డబ్బు పుచ్చుకోవడం, పంపడం, లెక్క చూసుకోవడం, చివరకు అప్పు తీసుకోవడం కూడా సాధ్యమైనది. దీనినే ఆర్థిక సాంకేతికత అనీ, వాడుకలో ‘ఫిన్‌టెక్’ అనీ అంటున్నారు.

ఈ సాధనం వలన చిన్న వ్యాపారం నిజంగా బాగుపడుతున్నదా? ఒకే సాధనం చేతిలో ఉన్నా, ఒకడు నిలదొక్కుకొని మరొకడు అప్పులలో కూరుకుపోవడానికి కారణమేమి? ఈ వ్యాసం పరిశీలించే విషయం ఇదే.

ఒక చీర, అనేక చేతులు

సూరత్ కృత్రిమ నూలు వస్త్రాలకు దేశంలో పెద్ద కేంద్రం. ఇక్కడి ఒక సాధారణ పాలియెస్టర్ చీర ప్రయాణాన్ని గమనిస్తే చిన్న వ్యాపారుల పరిస్థితి తేటపడుతుంది. ముందుగా నూలు మగ్గం మీదికి వస్తుంది. మగ్గం నుండి దిగిన రంగులేని వస్త్రాన్ని వర్తకులు ‘గ్రే’ అంటారు. అది కడోదరా, పల్సాణా, పాండేసరా, సచిన్ వంటి చోట్ల ఉన్న అద్దకపు మిల్లులకు వెళ్లి రంగు, అచ్చు వేయించుకొని వస్తుంది. తరువాత ఎంబ్రాయిడరీ, లేసు, రాళ్లు అంటించడం, మడత, కట్టలు కట్టడం. చివరకు సూరత్ రింగ్ రోడ్డులోని మార్కెట్ల నుండి లారీలలో దేశమంతటికీ చేరుతుంది.

ఈ ప్రయాణంలోని ప్రతి మజిలీలోనూ పని ముందు, సొమ్ము వెనుక. ఊరూరి దుకాణదారు చీర అమ్ముడైన తరువాత సూరత్ వర్తకునికి చెల్లిస్తాడు. వర్తకుడు తనకు వచ్చిన తరువాత మిల్లుకూ, జాబ్‌వర్కు చేసినవారికీ ఇస్తాడు. మధ్యలో దలాల్ మాట హామీగా నిలుస్తుంది. కాని చిన్న యూనిట్ యజమాని మాత్రం తన పనివారికి ఎప్పటికప్పుడు కూలి ఇవ్వాలి. కరెంటు బిల్లు గడువులో కట్టాలి. రావలసినది ఆలస్యంగా వస్తుంది, పోవలసినది ఆగకుండా పోతుంది. చిన్న వ్యాపారానికి ఉన్న కష్టాలలో ఇది మొదటిది.

ఈ పనులలో ఏ ఒక్క రాష్ట్రంవారూ లేరు. మగ్గాల మీద ఒడిశాలోని గంజాం జిల్లావారు అధికం. మిల్లులలో ఉత్తరప్రదేశ్, బీహార్ల నుండి వచ్చినవారు పనిచేస్తారు. మార్కెట్లలో గుజరాతీ వర్తకులతోపాటు రాజస్థానీయులు కనిపిస్తారు. తెలంగాణ నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా సూరత్‌లో స్థిరపడి, లింబాయత్ వంటి పేటలలో తెలుగును నిలుపుకొన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం పాఠశాలలు కూడా ఉన్నాయి. ఇంత వైవిధ్యం గల చోట డబ్బు లెక్క ఒక్కటే అందరికీ ఉమ్మడి భాష.

హుండీ నుండి సెల్‌ఫోన్ వరకు

డబ్బును మోయకుండా డబ్బు పంపే విద్య సూరత్‌కు కొత్త కాదు. 17వ శతాబ్దంలో ఈ రేవు పట్టణం మొగలాయి సామ్రాజ్యపు ప్రధాన వాణిజ్య ద్వారం. ఇక్కడి వర్తకుడు వీర్‌జీ వోరా ఆంగ్ల ఈస్టిండియా కంపెనీకే అప్పులిచ్చినవాడు. ఆ కాలపు షరాబులు వ్రాసే హుండీ ఒక చిన్న కాగితం. సూరత్‌లో సొమ్ము కట్టి హుండీ తీసుకున్నవాడు ఆగ్రాలో దానిని చూపి సొమ్ము పొందేవాడు. చూపిన వెంటనే చెల్లించవలసినది దర్శనీ హుండీ, గడువు తీరిన తరువాత చెల్లించవలసినది ముద్దతీ హుండీ. దూరం వలన కలిగే భయాన్నీ, కాలం వలన కలిగే ఇబ్బందినీ ఆ కాగితం తీర్చింది. ఆ అర్థంలో హుండీ ఆనాటి ఆర్థిక సాంకేతికత అనవచ్చు.

అయితే హుండీ వెనుక షరాబు పరపతి ఉండేది. పరపతి లేని కూలివానికి అది అందలేదు. ఇటీవలి కాలం వరకు కూడా సూరత్‌లోని ఒడియా కార్మికులు ఇంటికి డబ్బు పంపడానికి ‘టప్పావాలా’ అనే మధ్యవర్తి మీద ఆధారపడేవారు. అతడు కొంత రుసుము తీసుకొని గంజాం పల్లెలలో ఇంటింటికీ సొమ్ము చేరవేసేవాడు. బ్యాంకు ఖాతా లేనివానికి అదే బ్యాంకు.

ఈ పరిస్థితిని మార్చిన మెట్లు కొన్ని ఉన్నాయి. 2010 నవంబరులో వెంటనే సొమ్ము బదిలీ అయ్యే ఐ.ఎం.పి.ఎస్. పద్ధతి మొదలైనది. 2014 ఆగస్టులో ప్రారంభమైన జనధన యోజన కోట్లాది కుటుంబాలకు ఖాతాలు తెరిచింది. 2016 ఏప్రిల్‌లో జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐ పద్ధతిని ప్రవేశపెట్టింది. అదే సంవత్సరం నవంబరు 8న పెద్దనోట్లు రద్దు కాగా, నగదు మీద నడిచే సూరత్ వస్త్ర వ్యాపారం చిక్కులలో పడింది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చింది. అంతవరకు పన్ను బిల్లు వ్రాయని వస్త్ర వ్యాపారులు దానిని నిరసిస్తూ ఆ జూలైలో సూరత్ మార్కెట్లను మూసివేశారు. ఈ కుదుపుల మధ్యనే చిన్న వ్యాపారి కాగితం నుండి తెరకు మారవలసి వచ్చింది. 2025 ఆగస్టు నాటికి దేశంలో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలో 2,000 కోట్లు దాటాయి.

ఆర్థిక అక్షరాస్యత అంటే ఏమి?

సాధనం వచ్చింది. దానితోపాటు జ్ఞానం వచ్చినదా? ఆర్థిక అక్షరాస్యత అనగానే చదవడం, వ్రాయడం, కూడికలు, తీసివేతలు గుర్తుకు వస్తాయి. నిజానికి దానిలో మూడు అంశాలు కలవు. మొదటిది జ్ఞానం: వడ్డీ ఎట్లా లెక్కింపబడుతుంది, ధరలు పెరిగితే పొదుపు విలువ ఏమవుతుంది వంటివి తెలియడం. రెండవది ప్రవర్తన: లెక్క వ్రాయడం, గడువులో చెల్లించడం. మూడవది దృక్పథం: రేపటి అవసరం కోసం నేటి కోరికను అదుపులో పెట్టుకోవడం. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019లో జరిపిన సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో ఈ మూడింటిలోనూ తగిన స్థాయి గలవారు సుమారు 27 శాతం మాత్రమే. అంటే నలుగురిలో ముగ్గురి చేతిలో సాధనం ఉన్నా, దానిని నడిపే విద్య చాలినంత లేదు.

తెలుగు వర్తకులకు ఈ విద్య పూర్వం నుండి పరిచితమే. ఏ రోజు జమ, ఏ రోజు ఖర్చు ఆ రోజు వ్రాసేది చిట్టా. ఒక్కొక్కరి పేర పద్దులు వేరుచేసి వ్రాసేది ఆవర్జా. గుజరాతీ వర్తకుల రోజ్‌మేళ్, ఖాతావహీ ఈ రెండింటికీ సోదరులే. దీపావళినాడు కొత్త ఖాతా పుస్తకాలకు గుజరాత్‌లో ‘చోప్డా పూజన్’ చేస్తారు. లెక్కను దైవంతో సమంగా చూసిన సంప్రదాయమిది. పూజ వెనుక ఉన్న నియమం మాత్రం సరళమైనది: ఈనాటి పద్దు రేపటికి మిగలరాదు.

సరళమైన నియమానికి ఎంత శక్తి ఉన్నదో డొమినికన్ రిపబ్లిక్ దేశంలో జరిగిన ఒక పరిశోధన నిరూపించింది. డ్రెక్స్‌లర్, ఫిషర్, షోర్ అనే పరిశోధకులు అక్కడి సూక్ష్మరుణగ్రహీతలైన చిన్న వ్యాపారులను వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి గణక శాస్త్రం పద్ధతి ప్రకారం బోధించారు. మరొక వర్గానికి వ్యాపారపు సొమ్ము, ఇంటి సొమ్ము వేరువేరుగా ఉంచవలెను వంటి చేతివాటపు సూత్రాలు మాత్రమే నేర్పారు. 2014లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, లెక్కలు ఉంచుకునే పద్ధతిలో స్పష్టమైన మెరుగుదల రెండవ వర్గంలోనే కనిపించింది. ఎక్కువ చెప్పడం కన్నా, ఆచరించగలిగినది చెప్పడం ముఖ్యమని దీనివలన తెలుస్తున్నది.

కాగితం మీది లాభం, చేతికి రాని సొమ్ము

జ్ఞానం, సాధనం కలిసినపుడు వ్యాపారం మీద ప్రభావం ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ వలన చూడవచ్చు. ఎంబ్రాయిడరీ జాబ్‌వర్కు చేసే ఒక యూనిట్‌ను ఊహించుకోవచ్చు. దాని నెలసరి ఖర్చు రూ. 1,00,000. అది చేసే పనికి నెలకు వ్రాసే బిల్లు రూ. 1,15,000. అంటే నెలకు రూ. 15,000 లాభం. యజమాని తన పెట్టుబడిని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకోవలెను.

బిల్లు సొమ్ము 45 రోజులలో వస్తే, నెలన్నర ఖర్చు, అనగా రూ. 1,50,000, ఎల్లప్పుడూ బయట నిలిచి ఉంటుంది. దానిపై నెల వడ్డీ రూ. 3,000. మిగిలేది రూ. 12,000. సొమ్ము 90 రోజులకు వస్తే నిలిచిపోయేది రూ. 3,00,000, వడ్డీ రూ. 6,000, మిగిలేది రూ. 9,000. అదే 150 రోజులైతే రూ. 5,00,000 నిలిచిపోతుంది, వడ్డీ రూ. 10,000 పోగా చేతికి మిగిలేది రూ. 5,000 మాత్రమే. ఆ నెలలో ఒక యంత్రం నాలుగు రోజులు ఆగినా, ఒక బిల్లులో వర్తకుడు ‘మాలు బాగులేదు’ అని కొంత కోసినా, ఆ అయిదువేలు కూడా ఉండవు.

మూడు సందర్భాలలోనూ పని ఒకటే, బిల్లు ఒకటే, శ్రమ ఒకటే. మారినది కాలం. చిట్టా లేని యజమాని ‘పని బాగానే ఉన్నది, డబ్బు ఎందుకు నిలవడం లేదో’ అని విస్తుపోతాడు. మరింత పని ఒప్పుకుంటాడు. దానితో బయట నిలిచే సొమ్ము, దానిపై వడ్డీ ఇంకా పెరుగుతాయి. ఎవరి బాకీ ఎన్ని రోజులుగా ఉన్నదో చూసుకునే యజమాని మాత్రం ఆలస్యంగా ఇచ్చే వర్తకునికి పని తగ్గించి, వెంటనే ఇచ్చేవానికి కొద్దిగా ధర తగ్గించి అయినా పని చేస్తాడు. సెల్‌ఫోన్‌లోని ఖాతా పుస్తకం ఈ లెక్కను క్షణంలో చూపుతుంది. కాని చూడవలెనన్న బుద్ధిని అది పుట్టించలేదు.

మెస్సు యజమాని, టీ అంగడివాని సంగతి ఇంకొక విధం. క్యూఆర్ కోడ్ పలక గోడకు అతికించిన తరువాత చిల్లర బాధ తగ్గింది. 2020 జనవరి నుండి యూపీఐ ద్వారా పుచ్చుకునే సొమ్ముపై వర్తకుని నుండి బ్యాంకు రుసుము వసూలు చేయడం లేదు. అయితే వ్యాపారపు సొమ్ము, ఇంటి సొమ్ము ఒకే ఖాతాలో పడితే, పిల్లవాని బడి రుసుము, బియ్యం బస్తా ధర ఒకే వరుసలో కలిసిపోతాయి. నెల చివర లాభమెంతో తెలియదు. వ్యాపారానికి వేరే ఖాతా తెరవడమన్న చిన్న నియమం ఒక్కటే యూపీఐ చరిత్రను నమ్మదగిన చిట్టాగా మారుస్తుంది.

లెక్కే పూచీకత్తు

పూర్వం బ్యాంకు చిన్న వ్యాపారిని పొలం పత్రమో, బంగారమో అడిగేది. ఒడిశా నుండో, తెలంగాణ నుండో వచ్చినవానికి గుజరాత్‌లో చూపడానికి భూమి ఎక్కడిది? ఇక్కడనే కొత్త సాధనం మేలు స్పష్టంగా కనిపిస్తుంది. బిల్లులు, జీఎస్టీ పత్రాలు, ఖాతాలో జమ అయిన సొమ్ము ఇవన్నీ కలిసి వ్యాపారి నడవడికకు సాక్ష్యాలవుతాయి. 2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన ముద్రా యోజన పూచీకత్తు లేకుండా రూ. 10 లక్షల వరకు అప్పులకు వీలు కల్పించింది. పై తరగతి అప్పును సక్రమంగా తీర్చినవారికి 2024లో ఈ పరిమితి రూ. 20 లక్షలకు పెరిగింది. కరోనా లాక్‌డౌన్‌తో జీవనాధారం పోయిన వీధి వర్తకుల కోసం 2020 జూన్‌లో స్వనిధి పథకం వచ్చింది. మొదట చిన్న మొత్తం ఇచ్చి, అది తీర్చినకొద్దీ పెద్ద మొత్తం ఇవ్వడం దాని పద్ధతి. 2021 సెప్టెంబరులో మొదలైన అకౌంట్ అగ్రిగేటర్ ఏర్పాటు వలన వ్యాపారి తన అనుమతితో తన ఖాతా వివరాలను ఒక బ్యాంకు నుండి మరొక సంస్థకు పంపించుకోవచ్చు.

వీటన్నిటిలో ఒకటే సూత్రం ఉన్నది. పొలం లేనివానికి లెక్కే పొలం. బిల్లు వ్రాయకుండా, నగదు మాత్రమే పుచ్చుకుంటూ పన్ను తప్పించుకున్నానని సంతోషించేవాడు, బ్యాంకు తలుపు తట్టినపుడు చూపవలసినది ఏమీ లేక మళ్లీ వడ్డీ వ్యాపారి గడపకే వెళ్తాడు.

అప్పు సులభమైనపుడు

సాధనం మంచినెంత వేగంగా చేస్తుందో, చెడునూ అంత వేగంగా చేస్తుంది. తెలుగువారికి దీనికి చేదు ఉదాహరణలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు ఒకే కుటుంబానికి ఒకదాని మీద ఒకటిగా అప్పులిచ్చి, వసూళ్లకు ఒత్తిడి చేయగా, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం అత్యవసర శాసనం తేవలసి వచ్చింది. పది సంవత్సరాల తరువాత అదే కథ సెల్‌ఫోన్ తెర మీదికి వచ్చింది. 2020 చివర హైదరాబాదు పోలీసులు అప్పుల యాప్‌ల వేధింపులపై కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. నిమిషాలలో అప్పు ఇచ్చి, ఫోన్‌లోని బంధుమిత్రుల నంబర్లు లాగి, వారి ముందు పరువు తీయడం ఆ యాప్‌ల పద్ధతి. వీటి దరిమిలా రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పులకు నిబంధనలు విధించింది. అప్పు సొమ్ము నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే పడవలెననీ, నిజమైన వార్షిక వ్యయాన్ని ముందుగానే తెలుపవలెననీ వాటి సారాంశం.

‘నిజమైన వార్షిక వ్యయం’ ఎందుకు ముఖ్యమో మరొక లెక్క వలన తెలుస్తుంది. లక్ష రూపాయల అప్పు, నూటికి నెలకు రెండు రూపాయలు, పన్నెండు వాయిదాలు. సంవత్సరానికి 24 శాతమే కదా అనిపిస్తుంది. వడ్డీ రూ. 24,000 కలిపి, మొత్తం రూ. 1,24,000ను పన్నెండు భాగాలు చేస్తే వాయిదా సుమారు రూ. 10,333. కాని ప్రతి నెలా అసలు కొంత తీరుతూనే ఉన్నది. చివరి నెలలో రుణగ్రహీత వద్ద మిగిలిన అసలు సుమారు పదివేలే. అయినా అతడు లక్ష మీదనే వడ్డీ కడుతున్నాడు. తగ్గుతున్న అసలు మీద లెక్కించి చూస్తే ఈ అప్పు వడ్డీ సంవత్సరానికి దాదాపు 42 శాతం. సగటు లాభం నూటికి పదిహేను గల వ్యాపారి ఈ అప్పును ఆలోచించి తీసుకోవలెను. 2024 అక్టోబరు 1 నుండి చిన్న వ్యాపారుల కాలపరిమితి రుణాలకు కూడా ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి అయినది. అందులో ఒక్క అంకె చదవగలిగితే చాలు: వార్షిక శాతం రేటు. ఆ పత్రం అడిగి తీసుకొని చదివేవానికే దానివలన రక్షణ.

చట్టం ఇచ్చిన గడువు

చెల్లింపు ఆలస్యానికి మందు చట్టంలో లేకపోలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ ఉంచరాదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లించవలెను. 2020 జూలై 1 నుండి ఉద్యమ్ నమోదు విధానం వచ్చి, ఈ రక్షణ కోరే సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా నమోదు చేసుకోగలుగుతున్నది. 2017 నుండి ‘సమాధాన్’ పోర్టల్‌లో ఆలస్యంపై ఫిర్యాదు చేయవచ్చు. 2023 ఆర్థిక చట్టం మరొక నిబంధన తెచ్చింది. గడువులో చెల్లించని బాకీని కొనుగోలుదారు ఆ సంవత్సరపు ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి వీలులేదు. 2024 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులోకి వచ్చినపుడు సూరత్ వస్త్ర వర్తకులలో పెద్ద ఆందోళన కలిగింది. మూడు, నాలుగు నెలల అరువు మీద నడిచే మార్కెట్‌లో ఒక్కసారిగా 45 రోజులన్నది వారికి కష్టమనిపించింది.

ఇక్కడ ఒక కఠిన సత్యాన్ని అంగీకరించవలసి ఉన్నది. చిన్నవాడు పెద్దవాని మీద ఫిర్యాదు చేస్తే రేపు పని దొరకదేమో అన్న భయం చట్టం కన్నా బలమైనది. బిల్లును తాకట్టు పెట్టకుండానే ముందుగా సొమ్ముగా మార్చుకునే ట్రెడ్స్ వేదికలు 2017 నుండి పనిచేస్తున్నాయి. టర్నోవర్ రూ. 250 కోట్లకు పైబడిన కంపెనీలు వాటిలో చేరవలెనని 2024 నవంబరులో ఆదేశం కూడా వచ్చింది. కాని కడోదరా జాబ్‌వర్కు యూనిట్‌కు పని ఇచ్చేవాడు తరచుగా మరొక చిన్న వర్తకుడే. అందుచేత చట్టం, వేదిక రెండూ ఉన్నా, వాటిని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు మాటతో తేల్చుకోవాలో యజమానియే నిర్ణయించుకోవలెను. బాకీ తేదీలు వ్రాసి చూపగలిగినవాని మాటకు దలాల్ ముందు కూడా బరువుంటుంది.

మాతృభాషలో లెక్క

డబ్బు విషయంలో మోసపోయేవారు తెలివితక్కువవారు కారు. చాలాసార్లు వారు తమకు అర్థం కాని భాషలో ‘సరే’ అన్నవారు. సూరత్‌లో పద్మశాలి కుటుంబపు వృద్ధురాలు తెలుగులో లెక్క చేయగలదు, గుజరాతీలో బేరమాడగలదు. కాని ఆంగ్లంలో వచ్చే బ్యాంకు సందేశం ఆమెకు అక్షరాల గుంపే. చీరలకు లేసు కత్తిరించడం, రాళ్లు అంటించడం వంటి పనులు ఇళ్లలో ఎక్కువగా స్త్రీలే చేస్తారు. కూలి ముక్కల లెక్కన వస్తుంది. ఫోన్ ఇంటి మగవానిదైతే, ఆమె సంపాదన అతని ఖాతాలోనే పడి, ఆమె పని లెక్కకు రాకుండా పోతుంది. ఆమె పేర ఖాతా, ఆమె చేతిలో ఫోన్, ఆమెకు తెలిసిన భాషలో సందేశం ఈ మూడూ ఉన్నప్పుడే ఆ ఇంటి పని వ్యాపారమవుతుంది.

మోసాల విషయంలోనూ రెండు మూడు మాటలు మాతృభాషలో నాటుకుంటే చాలు. సొమ్ము పుచ్చుకోవడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎన్నడూ లేదు. పిన్ అడిగితే సొమ్ము పోతున్నదని అర్థం. ఫోన్‌కు వచ్చే ఓటీపీ అంకెలను ఎవరికీ చెప్పరాదు. మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు తెలుపవలెను. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

బార్డోలీ బాటలో

కడోదరా కూడలి నుండి తూర్పుగా సాగే మార్గం బార్డోలీకి చేరుతుంది. 1928లో అక్కడి రైతులు వల్లభ్‌భాయి పటేల్ నాయకత్వంలో పెంచిన భూమిశిస్తు కట్టబోమని సత్యాగ్రహం చేశారు. ఆ పోరాటంలో త్యాగం ఎంత ఉన్నదో లెక్క కూడా అంత ఉన్నది. తరువాత నియమింపబడిన విచారణ సంఘం ముందు మహాదేవ్ దేశాయి, నరహరి పరీఖ్ మొదలైనవారు రైతుల పక్షాన వివరాలు సమర్పించారు. అధికారులు ఆధారపడిన కౌలు లెక్కలు సరిచూడబడనివని తేలింది. ప్రభుత్వం కోరిన 22 శాతం పెంపు ఆరు శాతం దరిదాపులకు దిగింది. పేదవాని చేతిలో సరియైన లెక్క ఆయుధంతో సమానమని ఆ నేల ఆనాడే చెప్పింది.

నేటి కడోదరా చెప్పేది కూడా అదే. సెల్‌ఫోన్ వేగాన్ని ఇస్తుంది, దారి చూపదు. దారి చూపేది లెక్క. లెక్క తెలిసినవాని చేతిలో ఈ సాధనం పూచీకత్తు అవుతుంది, వేళకు అప్పు అవుతుంది, బేరంలో బలమవుతుంది. తెలియనివాని చేతిలో అదే సాధనం ఖర్చును సులభం చేసి, అప్పును ఇంకా సులభం చేస్తుంది. ఈ మాట సూరత్‌కే పరిమితం కాదు. సిరిసిల్లలో యజమాని నుండి నూలు తీసుకొని బట్ట నేయించి ఇచ్చే ఆసామి స్థితి, కడోదరా జాబ్‌వర్కు యజమాని స్థితి ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. భాష వేరు, బాకీ ఒకటే.

విద్యార్థులు ఈ పాఠాన్ని తమ వీధిలోనే పరీక్షించి చూడవచ్చు. ఇంటి సమీపంలోని ఒక దర్జీకి గాని, కూరల అంగడికి గాని, ఇంటిలోనే జరిగే చిన్న పనికి గాని ఒక నెలపాటు చిట్టా వ్రాసి పెట్టవలెను. జమ ఎంత, ఖర్చు ఎంత, రావలసినది ఎంత, అది ఎన్ని రోజులుగా రావలసి ఉన్నది అన్న నాలుగు వరుసలు చాలు. నెల చివర ఆ పుస్తకాన్ని వ్యాపారికి చదివి వినిపించవలెను. నాలుగవ వరుస చదివినపుడు ఆయన ముఖంలో కలిగే మార్పే ఈ వ్యాసానికి అసలైన ముగింపు.